టెక్సస్‌లో కమ్యూనిటీ కాలేజీ నర్సింగ్: ఏ కాలేజీని ఎంచుకోవాలి, ప్రవేశానికి ఎలా సిద్ధపడాలి

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను. మీరు 2010లో బీజెడ్‌సీతో బీఎస్సీ పూర్తి చేశారు. ఆరేళ్లుగా డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉంటున్నారు. మీ వారికి హెచ్1బీ ఉద్యోగ వీసా, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం యజమాని వేసే పిటిషన్) ఆమోదం ఉన్నాయి, మీ దగ్గర హెచ్4 (జీవిత భాగస్వామి వీసా) మీద వచ్చిన ఈఏడీ, అంటే ఉద్యోగ అనుమతి పత్రం, ఉన్నది, పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. నర్సింగ్ చదవాలని నిశ్చయించుకుని మూడు చోట్ల విచారించారు: ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో ఉన్న కమ్యూనిటీ కాలేజీ, సీటు తేలికగా వస్తుందని ఎవరో చెప్పిన గంట దూరంలోని మరో కమ్యూనిటీ కాలేజీ, ప్రీ-రిక్విజిట్లు (ముందుగా పూర్తి చేయవలసిన కోర్సులు) అక్కర్లేదు వెంటనే చేరిపొమ్మని రోజూ ఫోన్ చేస్తున్న ఒక ప్రైవేటు కాలేజీ. వీటిలో దేనిలో చేరాలన్నది మీ ప్రశ్న.

నేను డాలస్ ప్రాంతంలో పద్నాలుగేళ్లుగా ఆర్‌ఎన్‌గా, అంటే రిజిస్టర్డ్ నర్సుగా పని చేస్తున్నాను. తెనాలిలో డిగ్రీ చదివి, పెళ్లయి ఇక్కడికి వచ్చి, మీరున్న స్థితిలోనే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేశాను. ఉద్యోగంలో చేరాక బీఎస్‌ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ) పూర్తి చేసి, నాలుగేళ్లు ఆసుపత్రిలో విద్యార్థులకు శిక్షణ ఇచ్చే క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌గా కూడా పని చేశాను. కనుక చదువుకున్న మనిషిగానూ చదువు చెప్పిన మనిషిగానూ నాకు తెలిసినది రాస్తున్నాను. భారతదేశంలో జీఎన్‌ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ ఇదివరకే చేసినవారికి ఈ సమాధానం వర్తించదు. వారు మళ్లీ చదవనక్కర లేకుండా తమ చదువును మదింపు చేయించుకుని నర్సు లైసెన్సు పరీక్ష అయిన ఎన్‌క్లెక్స్ రాసే మార్గం వేరుగా ఉన్నది.

రెండేళ్ల డిగ్రీ అంటే తక్కువ స్థాయి నర్సు అవుతామేమో అన్న మీ సందేహాన్ని ముందు తీర్చుకోండి. 1951లో మిల్డ్రెడ్ మాంటాగ్ కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో చేసిన పరిశోధనలో ఈ నమూనాను ప్రతిపాదించగా, మరుసటి ఏడాది కమ్యూనిటీ కాలేజీల్లో అది ప్రయోగాత్మకంగా మొదలైంది. నాటి నుంచి నేటి వరకు అసోసియేట్ డిగ్రీ వారూ నాలుగేళ్ల బీఎస్‌ఎన్ వారూ రాసే పరీక్ష ఒకటే, వచ్చే లైసెన్సూ ఒకటే. తేడా ఉద్యోగం దగ్గర కనిపిస్తుంది. నర్సింగ్ నాణ్యతకు ఇచ్చే మాగ్నెట్ గుర్తింపు ఉన్న పెద్ద ఆసుపత్రులు బీఎస్‌ఎన్ వారివైపు మొగ్గు చూపుతాయి. న్యూయార్క్‌లోనైతే 2017లో చేసిన చట్టం ప్రకారం కొత్త ఆర్‌ఎన్‌లు పదేళ్లలోగా బీఎస్‌ఎన్ పూర్తి చేయాలి. టెక్సస్‌లో అటువంటి చట్టం లేదు, పైగా ఉద్యోగం చేస్తూ ఆర్‌ఎన్ నుంచి బీఎస్‌ఎన్‌కు వెళ్లే కోర్సులు యూటీ ఆర్లింగ్టన్ వంటి యూనివర్సిటీల్లోనే కాక, కాలిన్ కాలేజీ, ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీ వంటి చోట్ల కూడా ఉన్నాయి. మీ పరిస్థితికి ఈ దారి ఖర్చులోనూ కాలంలోనూ సరైనదేనని నా గట్టి నమ్మకం.

ఇక ప్రైవేటు కాలేజీ సంగతి. ప్రైవేటు కాలేజీలన్నీ చెడ్డవని నేను అనను. కానీ రోజూ ఫోన్ చేసి ఈ వారంలోనే సంతకం పెట్టమని తొందరపెట్టే చోట మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. టెక్సస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ఆమోదం ప్రస్తుతం ఏ స్థాయిలో ఉన్నది, షరతులతో కూడినదా? కాలేజీకి దక్షిణాది రాష్ట్రాల కాలేజీలను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సాక్స్ సంస్థ గుర్తింపు ఉన్నదా? నర్సింగ్ ప్రోగ్రాముకు విడిగా, నర్సింగ్ చదువులను మాత్రమే పరిశీలించే ఏసీఈఎన్ వంటి సంస్థ గుర్తింపు ఉన్నదా? మొదటిది లేకపోతే మీరు టెక్సస్‌లో లైసెన్సు పరీక్షకే కూర్చోలేరు. తక్కిన రెండూ లేకపోతే లైసెన్సు వచ్చినా, రేపు బీఎస్‌ఎన్‌కు వెళ్లేటప్పుడు క్రెడిట్లు బదిలీ కాకపోవచ్చు, మాజీ సైనికుల వీఏ ఆసుపత్రుల వంటి కొన్ని చోట్ల ఉద్యోగానికి తలుపులు మూసుకుపోతాయి. 2023 జనవరిలో అమెరికా న్యాయశాఖ బయటపెట్టిన ఉదంతం మీకు గుర్తుండే ఉంటుంది: ఫ్లోరిడాలోని మూడు నర్సింగ్ స్కూళ్ల పేరుతో 7,600కు పైగా నకిలీ డిప్లొమాలు అమ్ముడుపోయాయని 25 మందిపై అభియోగాలు మోపారు. మీకు ఫోన్ చేస్తున్న కాలేజీ అటువంటిదని నేను అనడం లేదు. అడిగిన కాగితం చూపించడానికి వెనకాడే ఏ కాలేజీలోనూ మీ కుటుంబం డబ్బు పెట్టవద్దని మాత్రమే అంటున్నాను.

రెండు కమ్యూనిటీ కాలేజీల మధ్య ఎంపికకు మీరు ఎన్‌క్లెక్స్ ఉత్తీర్ణత శాతాలను పోల్చి చూశారు. ఆ శాతాలు బోర్డు వెబ్‌సైటులోనే ఉంటాయి, చూడవలసినవే. మొదటిసారి రాసినవారిలో 80 శాతం మంది ఉత్తీర్ణులు కావాలన్నది టెక్సస్ బోర్డు పెట్టిన గీత, కాలిఫోర్నియాలో అది 75 శాతం. గీతకు దిగువన ఉన్న కాలేజీని వదిలేయండి. అయితే 94 శాతం ఉన్న కాలేజీ 89 శాతం ఉన్నదానికంటే మంచిదని తేల్చేయకండి. ఉదాహరణకు ఒక కాలేజీ అరవై మందిని చేర్చుకుంటే ముప్పై ముగ్గురే చివరిదాకా నిలిచి, వారిలో ముప్పై ఒక్కరు పరీక్ష గట్టెక్కారనుకోండి, అది 94 శాతం. మరో కాలేజీ నలభై మందిని చేర్చుకుంటే ముప్పై ఐదుగురు చదువు పూర్తి చేసి, వారిలో ముప్పై ఒక్కరు గట్టెక్కితే అది 89 శాతం. చేరినవారిలో ఎంతమంది చివరికి నర్సు అవుతారని లెక్క వేస్తే మొదటి చోట సగం మంది, రెండో చోట నలుగురిలో ముగ్గురికి పైగా. కనుక అడగవలసినది పూర్తి చేసినవారి శాతం. ఏసీఈఎన్ గుర్తింపు ఉన్న ప్రోగ్రాములు ఈ లెక్కను, ఉద్యోగాలు వచ్చినవారి లెక్కను కూడా బహిరంగంగా ఉంచాలి. నర్సింగ్ విభాగం వెబ్ పేజీలో అడుగున ఎక్కడో చిన్న పట్టికగా ఉంటుంది, ఓపికగా వెతకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన వాళ్లు ముందు కాలేజీని ఎంచుకుని, తర్వాత ఆ కాలేజీ అడిగినవి చదవడం మొదలుపెడతారు. నేను చెప్పేది దీనికి తిరగేసిన క్రమం. రెండు కాలేజీల నర్సింగ్ విభాగాలూ ఏటా ప్రచురించే దరఖాస్తు సమాచార పత్రాలను అచ్చు తీసి, బల్ల మీద పక్కపక్కన పెట్టి, రెండింటికీ చెల్లే కోర్సులనే ముందు పూర్తి చేయండి. అప్పుడు మీరు చదివిన ప్రతి గంటా రెండు చోట్ల పనికొస్తుంది, ఒకచోట సీటు రాకపోతే రెండో చోట ఆ ఏడాదే ప్రయత్నించవచ్చు. టెక్సస్‌లో ఇది సాధ్యపడేది కమ్యూనిటీ కాలేజీలన్నీ ఒకే కోర్సు నంబర్లను వాడడం వల్ల. అనాటమీ అండ్ ఫిజియాలజీ మొదటి భాగం బయాలజీ 2401, రెండో భాగం 2402, ఇంగ్లిష్ కాంపోజిషన్ 1301, జనరల్ సైకాలజీ 2301, శైశవం నుంచి వార్ధక్యం దాకా మనిషి ఎదుగుదలను చెప్పే సైకాలజీ 2314. మైక్రోబయాలజీకి మాత్రం 2420, 2421 అని రెండు నంబర్లున్నాయి, మొదటిది సైన్స్ మేజర్లు కానివారికి, రెండోది సైన్స్ మేజర్లకు. రెండు కాలేజీలూ ఏది ఒప్పుకుంటాయో అడిగి మరీ నమోదు చేసుకోండి.

ఆ సమాచార పత్రంలో మార్కుల పట్టిక ఉంటుంది, దానిని అక్షరం అక్షరం చదవండి. చాలా చోట్ల కనీస గ్రేడు సీ అని రాసి ఉంటుంది గానీ, పోటీ ఉన్న కాలేజీలో సీ గ్రేడుతో సీటు వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. సైన్స్ కోర్సులకు విడిగా జీపీఏ (గ్రేడుల సగటు) కడతారా, మొత్తానికి కడతారా అన్నది చూడండి. ఒక కోర్సును రెండుసార్లు చదివితే మెరుగైన గ్రేడు తీసుకుంటారా, మొదటిదే తీసుకుంటారా, మధ్యలో వదిలేసిన కోర్సును కూడా ఒక ప్రయత్నంగా లెక్క వేస్తారా అన్నది ఇంకా ముఖ్యం. కొన్ని కాలేజీలు ఇదివరకే బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్నవారికి, నర్స్ ఎయిడ్‌గా పనిచేసినవారికి అదనంగా పాయింట్లు ఇస్తాయి. విదేశీ డిగ్రీకి ఆ పాయింట్లు ఇస్తారో లేదో అడగాలి. సైన్స్ కోర్సులకు కాలపరిమితి కూడా ఉంటుంది, సాధారణంగా ఐదేళ్లో ఏడేళ్లో. కనుక 2010 నాటి మీ జువాలజీ ప్రాక్టికల్స్ ఎంత బాగా చేసినా అవి అనాటమీకి బదులుగా చెల్లవని ముందే మనసుకు చెప్పుకోండి.

అలాగని మీ డిగ్రీ వృథా కాదు. విదేశీ చదువులను ఇక్కడి లెక్కలోకి మార్చి చెప్పే వెస్ వంటి సంస్థతో కోర్సు వారీగా మదింపు చేయించండి. దానికి ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచి నేరుగా ఆ సంస్థకు చేరాలి. ఊళ్లో ఉన్న అన్నయ్యో బావగారో ఎగ్జామినేషన్ బ్రాంచి చుట్టూ నాలుగు సార్లు తిరగవలసి వస్తుంది కాబట్టి ఈ పని ఈ నెలలోనే మొదలుపెట్టండి. కొన్ని సాధారణ కోర్సుల నుంచి మినహాయింపు రావచ్చు. ఇంగ్లిష్ కాంపోజిషన్ విషయంలో మాత్రం నాకు జరిగినది చెప్పాలి. ఇంగ్లిష్ మీడియం డిగ్రీ ఉన్నది కాబట్టి ఆ కోర్సు అక్కర్లేదని అప్పట్లో నేను చదివిన కాలేజీలోని సాధారణ సలహాదారు నోటిమాటగా చెప్పారు. నేను నమ్మాను. దరఖాస్తు గడువుకు వారం ముందు నర్సింగ్ విభాగం వారు ఫైలు తెరిచి, విదేశీ డిగ్రీకి ఆ మినహాయింపు లేదని చెప్పారు. ఒక్క మూడు క్రెడిట్ల కోర్సు వల్ల నాకు పూర్తి సంవత్సరం పోయింది. ఆ రోజు పార్కింగ్‌లో కారులో కూర్చుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ మరచిపోలేదు. సలహాను నర్సింగ్ విభాగం నుంచే, ఈమెయిలు ద్వారానే తీసుకోండి.

ప్రవేశ పరీక్ష కాలేజీని బట్టి టీస్ గానీ హెసి గానీ అవుతుంది. టీస్‌లో 209 నిమిషాల్లో 170 ప్రశ్నలుంటాయి: చదివి గ్రహించడం, గణితం, సైన్స్, ఇంగ్లిష్ భాషా వినియోగం. హెసిలో ఏ భాగాలు రాయాలో కాలేజీయే నిర్ణయిస్తుంది. మన చదువు చదివినవారికి గణితం కష్టం కాదు, కానీ ఔన్సులు, పౌండ్లు, ఫారన్‌హీట్ చేతికి అలవాటు లేక పొరబడతారు. ఒక టీస్పూను 5 మిల్లీలీటర్లు, ఒక ఔన్సు 30 మిల్లీలీటర్లు, ఒక కిలో 2.2 పౌండ్లు అన్నవి నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా ఉండాలి, ఎందుకంటే చేరిన తర్వాత మందుల మోతాదు లెక్కల పరీక్ష ఇవే అడుగుతుంది. నేను చూసినంతలో మన వాళ్లకు మార్కులు పోయేది పేరా చదివి రచయిత ఉద్దేశం గ్రహించే ప్రశ్నల్లో. రోజూ అరగంట ఇంగ్లిష్ వార్తాపత్రికలో సంపాదకీయం చదివి, దాని సారాన్ని రెండు వాక్యాల్లో రాసుకోవడం నాకు అన్ని గైడ్ల కంటే ఎక్కువగా ఉపయోగపడింది. పరీక్షను ఎన్నిసార్లు రాయవచ్చు, మధ్యలో ఎన్నాళ్లు ఆగాలి, మరో కాలేజీలో రాసిన స్కోరు ఒప్పుకుంటారా అన్నది కూడా ఆ సమాచార పత్రంలోనే ఉంటుంది.

ఫీజుల గురించి ఒక మాట. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలు స్థానిక ఆస్తి పన్నుతో నడుస్తాయి కాబట్టి ఆ పన్ను కట్టే ప్రాంతంలో ఉన్నవారికి తక్కువ ఫీజు, బయట ఉన్నవారికి ఎక్కువ, రాష్ట్రం బయటివారికి ఇంకా ఎక్కువ. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలోనూ కొంత డెంటన్ కౌంటీలోనూ ఉన్నది. ఒకే వీధి పేరున్న ఇద్దరు స్నేహితురాళ్లు వేర్వేరు ఫీజులు కట్టడం నేను చూశాను. మీ ఇల్లు ఏ కౌంటీలో ఉన్నదో పన్ను రసీదులో గానీ లీజులో గానీ చూసుకోండి. హెచ్4 వారు ఎఫ్1 విద్యార్థి వీసాకు మారకుండానే పూర్తిస్థాయిలో చదవవచ్చు, టెక్సస్‌లో పన్నెండు నెలల నివాసం చూపిస్తే రాష్ట్రవాసుల ఫీజు పొందవచ్చు. ఫాఫ్సా అనే దరఖాస్తుతో వచ్చే ప్రభుత్వ ఆర్థిక సహాయం మాత్రం పౌరులకు, గ్రీన్ కార్డు వంటివి ఉన్నవారికే, హెచ్4 వారికి రాదు కాబట్టి దాని మీద లెక్క వేసుకోవద్దు.

వీసా వైపు నుంచి మరొక సంగతి ఆలోచించుకోండి. క్లినికల్స్, అంటే ఆసుపత్రిలో చేసే శిక్షణ, చదువులో భాగం, జీతం ఉండదు, వాటికి ఈఏడీ అక్కర్లేదు. ఉద్యోగానికి మాత్రం అదే ఆధారం. అది పోతే అసోసియేట్ డిగ్రీతో మీకు సొంతంగా హెచ్1బీ రావడం సాధ్యం కాదు, ఎందుకంటే ఆ వీసాకు బ్యాచిలర్స్ స్థాయి ఉద్యోగం కావాలి. కనుక బీఎస్‌ఎన్‌ను ఎప్పుడో చేద్దామని వదిలేయకుండా మొదటి నుంచే ప్రణాళికలో పెట్టుకోండి. మీకు ఈఏడీతో పాటు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండడం అదృష్టం. టెక్సస్ రాష్ట్రాల మధ్య ఉన్న నర్స్ లైసెన్సు ఒప్పందంలో సభ్య రాష్ట్రం కాబట్టి, ఆ నంబరు ఉన్నవారికి ఒకే లైసెన్సుతో ఎన్నో రాష్ట్రాల్లో పనిచేసే వీలుంటుంది. ఉద్యోగరీత్యా మీ వారు ఊరు మారవలసి వస్తే అప్పుడు దాని విలువ తెలుస్తుంది. కాలిఫోర్నియా మాత్రం ఆ ఒప్పందంలో లేదు.

సీటు వచ్చాక చేద్దామనుకుని చాలామంది ఆలస్యం చేసేది టీకాల కాగితాలు. టెక్సస్‌లో హెపటైటిస్-బి టీకా పూర్తి కానిదే విద్యార్థిని రోగి దగ్గరకు పంపరు, మామూలు మూడు డోసుల వరుసకు ఆరు నెలలు పడుతుంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), ఆటలమ్మ కాగితాలు మన దగ్గర ఎలాగూ ఉండవు కాబట్టి రక్తపరీక్షతో రోగనిరోధక శక్తి ఉన్నదని చూపించవచ్చు, టీడ్యాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు) టీకా మాత్రం వేయించుకోవాలి. క్షయ పరీక్ష దగ్గర మనవారికి ప్రత్యేకంగా చిక్కు వస్తుంది. నాకు మోచేతి కింద చర్మంలో చిన్న బుడగలా మందు ఎక్కించి, రెండు రోజుల తర్వాత చూపించమన్నారు. చూపించే నాటికి అక్కడ రూపాయి బిళ్లంత ఎర్రగా గట్టిపడింది. చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా వల్ల అలా వస్తుందని ఎంత చెప్పినా ఎక్స్‌రే తీసి, డాక్టరు ఉత్తరం తెచ్చేదాకా క్లినికల్‌కు రానివ్వలేదు. మీరు మొదటే చర్మపరీక్ష వద్దని చెప్పి, క్వాంటిఫెరాన్ వంటి రక్తపరీక్ష చేయించుకోండి. బీసీజీ ప్రభావం దాని మీద పడదు.

దూరం గురించి మీరు అడగలేదు గానీ, తీర్పు చెప్పవలసి వస్తే నేను దానికే ఎక్కువ బరువు ఇస్తాను. నర్సింగ్ ప్రోగ్రాములో చాలా చోట్ల 75 శాతం గానీ 77 శాతం గానీ వస్తేనే పాసు, 74.9ని 75 చేయరు, కనుక చదువుకునే సమయం దారిలో పోకూడదు. క్లినికల్ రోజున ఉదయం ఆరున్నరకల్లా యూనిఫాంతో వార్డులో ఉండాలి, ఆ ఆసుపత్రి కాలేజీకి ఇంకా అవతల ఉండవచ్చు. గంట దూరంలోని కాలేజీలో చేరితే మీరు నాలుగున్నరకు లేవాలి. పిల్లలను బడికి దింపేది ఎవరు, జ్వరం వస్తే ఉండేది ఎవరు అన్నది ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. ఇన్‌స్ట్రక్టర్‌గా నేను చూసిన మధ్యలో మానేసినవారిలో తెలివి తక్కువై మానేసినవారు చాలా కొద్దిమంది. ఎక్కువమంది నిద్ర లేక, ఆసరా లేక ఆగిపోయారు. సీటు తేలిక అన్న మాటకు ఆధారం ఏమిటో కూడా అడగండి. ఏటా ఎన్ని దరఖాస్తులు, ఎన్ని సీట్లు, చివరిగా సీటు వచ్చినవారి పాయింట్లు ఎన్ని అని అడిగితే చాలా విభాగాలు చెబుతాయి.

కనుక నా సలహా ఇది. ప్రైవేటు కాలేజీని పక్కన పెట్టండి. దగ్గరి కాలేజీని మొదటి లక్ష్యంగా పెట్టుకుని, దూరపు కాలేజీకి కూడా అదే కోర్సులతో, అదే ఏడాది దరఖాస్తు చేయండి. రెండు చోట్లా వస్తే, పూర్తి చేసినవారి శాతంలో పెద్ద తేడా లేనంతవరకు, దగ్గరిదే తీసుకోండి. వచ్చే ఫాల్ (శరదృతువు) సెమిస్టరులో అనాటమీ మొదటి భాగం, ఇంగ్లిష్ మాత్రమే తీసుకోండి. స్ప్రింగ్‌లో రెండో భాగం, సైకాలజీ. వేసవిలో మైక్రోబయాలజీ ఒక్కటే, దానితో పాటు ప్రవేశ పరీక్ష. రెండో సైకాలజీని ఎక్కడ వీలైతే అక్కడ ఆన్‌లైన్‌లో ఇరికించవచ్చు, ల్యాబు ఉన్న సైన్స్ కోర్సులను మాత్రం ఆన్‌లైన్‌లో చేసే ముందు రెండు విభాగాలూ ఒప్పుకుంటాయో కనుక్కోండి. పదేళ్లకు పైగా విరామం తర్వాత చదువులో అడుగుపెడుతున్నారు కాబట్టి మొదటి సెమిస్టరులో రెండుకు మించి వద్దు. అనాటమీలో ‘ఎ’ గ్రేడు తెచ్చుకుంటే తక్కినదంతా సులువవుతుంది, బీ వచ్చినా దారి మూసుకుపోదు.

నమోదు చేసుకునే ముందే రెండు నర్సింగ్ విభాగాలకూ ఒకే ఈమెయిలు పంపండి: నా విదేశీ డిగ్రీకి ఏ కోర్సులో మినహాయింపు, ఏ పాయింట్లు ఉన్నాయి, సైన్స్ కోర్సులకు కాలపరిమితి ఎంత, మళ్లీ చదివిన, వదిలేసిన కోర్సులను ఎలా లెక్కిస్తారు, గడచిన మూడు బ్యాచ్‌లలో ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పూర్తి చేశారు. వచ్చిన జవాబులను తేదీతో సహా అచ్చు తీసి దాచుకోండి. సమాచార పత్రం ఏటా మారుతుంది కాబట్టి దరఖాస్తు చేసే ఏడాది కొత్త పత్రాన్ని తీసి, మీ దగ్గరున్నదానితో మరొక్కసారి సరిచూసుకోండి.